ఏడు వరసల కుట్లు

లిఫ్టు మెకానిక్ పొద్దున్నే ప్యాంటు గుండీ పెట్టుకుని, నడుం దగ్గర రెండు వేళ్ళు దూర్చి చూసుకున్నాడు. వేళ్ళు సులువుగా దూరాయి. దాంతో ఆయన ముఖం వెలిగిపోయింది.

"చూడు, ఏడేళ్ళ నాటి ప్యాంటు. ఇప్పటికీ వదులే! మా ఆఫీసులో నా ఈడువాళ్ళు బెల్టుకి కొత్త చిల్లులు పొడిపించుకుంటున్నారు," అన్నాడు భార్యతో.

కిటికీ పక్కన కుట్టుమిషను ముందు కూర్చున్న భార్య తలెత్తలేదు. వీధిలో ఆవిణ్ణి టైలరమ్మ అంటారు. ఎవరిదో గౌను అంచు కుడుతూ దారం కొస పళ్ళ మధ్య పట్టుకుని ఉంది కనక జవాబు చెప్పే పని తప్పింది. జవాబు చెప్పడం ఇష్టం లేనప్పుడల్లా ఆవిడ దారం నోట్లో పెట్టుకుంటుందని కూతురికి తెలుసు, తండ్రికి తెలియదు. ఆ ప్యాంటు సంగతీ అంతే. ఇంట్లో ఇద్దరికి తెలుసు, తొడుక్కున్నాయనకే తెలియదు.

కూతురు రక్తపరీక్షల ల్యాబులో పని చేస్తుంది. చిన్నప్పుడు నాలుగు మెతుకులు తిని లేచిపోయేదని తండ్రి ఆమెకి పిచ్చుక అని పేరు పెట్టాడు. ఇరవై ఆరేళ్ళు వచ్చినా ఇంట్లో ఆ పేరే ఖాయమైంది. తండ్రి పళ్ళెం వైపు చూడకూడదనుకుంటూనే పిచ్చుక చూసింది. ఆరు రొట్టె ముక్కలు, నాలుగు గుడ్లు, పైన వెన్న. మూడు నిమిషాలు పట్టలేదు. ఏం తిన్నావని అడిగితే చెప్పలేడేమో అన్నంత వేగంగా తిన్నాడు.

"నాన్నా, ఓసారి మా ల్యాబుకి వచ్చి రక్తం ఇవ్వరాదూ?"

"నాకేం రోగమే? ప్యాంటే సాక్ష్యం."

"ప్యాంటుకి చక్కెర పరీక్ష చెయ్యలేం కదా నాన్నా."

"మీ అమ్మలాగే నీకూ నోరెక్కువైంది," అని నవ్వి, సగం రొట్టె చేత్తో పట్టుకుని లేచాడు. అప్పటికే ఫోను మోగుతోంది. ఒక పాత ఐదంతస్తుల భవనంలో, మూడు నాలుగు అంతస్తుల మధ్య లిఫ్టు ఆగిపోయిందట. లోపల ముగ్గురున్నారు.

ఆ భవనం ఆయనకి కొత్త కాదు. డాబా మీద చిన్న మోటారు గది, అందులోకి ఎక్కడానికి గోడకి బిగించిన ఇనుప నిచ్చెన, నిచ్చెన చివర చదరపు కంత. కంతలోంచి పైకెళ్ళి, మోటారు చక్రాన్ని చేత్తో తిప్పి లిఫ్టుని అంతస్తు మట్టానికి దించితే తలుపు తెరుచుకుంటుంది. పావుగంట పని. ఆయన నిచ్చెనెక్కాడు. తల దూరింది. చేతులు, భుజాలు దూరాయి. తర్వాత ఇంకేమీ దూరలేదు.

పైకి పోదామంటే పొట్ట రాలేదు. కిందికి దిగుదామంటే చొక్కా మడతపడి పట్టేసింది. మోటారు చక్రం మూరెడు దూరంలోనే ఉంది, చెయ్యి చాపితే వేళ్ళకి గాలి తగిలింది. కింద నుంచి లిఫ్టు తలుపు బాదుతున్న చప్పుడు వినిపిస్తోంది. "త్వరగా కానీండి, లోపల పెద్దాయనకి ఊపిరాడటం లేదు!" అని ఎవరో ఆడమనిషి అరుస్తోంది. చివరికి భవనం కార్యదర్శి, అరవై దాటిన మనిషి, నిచ్చెనెక్కి మెకానిక్ రెండు బూట్లూ పట్టుకుని వేలాడినంత పని చేస్తే ప్యాంటు పర్రున చిరిగి ఆయన కిందికి వచ్చాడు. ఇంకో మెకానిక్ ఊరికి అవతలి చివర నుంచి వచ్చేసరికి యాభై నిమిషాలైంది. ఉబ్బసం ఉన్న పెద్దాయన్ని పెదవులు నీలం తిరిగాక బయటికి తీశారు. మధ్యాహ్నానికల్లా ఆసుపత్రిలో తేరుకున్నాడు. తేరుకున్నాడన్న కబురు వచ్చేదాకా మన మెకానిక్ మెట్ల మీద కూర్చుని కదల్లేదు.

ఆఫీసులో సూపర్‌వైజరు తలుపేసి కూర్చోబెట్టాడు.

"ఆ కంత మరీ చిన్నది సార్," అన్నాడు మెకానిక్.

"నలభై ఏళ్ళుగా అంతే ఉంది. అందులోంచి నువ్వే ఎన్నిసార్లు వెళ్ళావో రిజిస్టర్లో ఉంది."

"నా నడుమూ అంతే ఉంది సార్. కావాలంటే మా ఆవిడని అడగండి, నా బట్టలన్నీ తనే కుడుతుంది."

సూపర్‌వైజరు వాదించలేదు. కింద గోదాంలో సామాన్లు తూచే కాటా మీద నిలబెట్టాడు. నూట పన్నెండు కిలోలు. కాటా చెడిపోయిందేమోనని మెకానిక్ దిగి మళ్ళీ ఎక్కాడు. నూట పన్నెండే.

"మూడు నెలలు టైమిస్తున్నాను. అప్పటిదాకా నిచ్చెన లేని పనులే చూడు. మూడు నెలల తర్వాత నా కళ్ళ ముందు అదే కంతలోంచి పైకెళ్ళి చూపించు. వెళ్ళలేకపోతే ఫిర్యాదుల ఫోను దగ్గర నీకో కుర్చీ వేయిస్తాను. జీతంలో తేడా రాదు. నీ మీద కోపం కాదయ్యా, ఇవాళ నాకు నిజంగా భయం వేసింది," అన్నాడు సూపర్‌వైజరు.

ఇరవై ఎనిమిదేళ్ళుగా మోటారు చప్పుడు విని ఎక్కడ అరిగిందో చెప్పగల మనిషికి ఆ కుర్చీ మాట పిడుగులా తగిలింది. జీతం గురించి ఆయన ఆలోచించనే లేదు. ఫోనులో ఎవరో లిఫ్టు ఆగిందని చెప్తే, ఇంకెవరినో పంపడం. అంతకంటే ఇంట్లో కూర్చోవడం నయమనిపించింది.

ఇంటికొచ్చేసరికి సాయంత్రం ఐదు. టైలరమ్మ వాకిట్లో ఎవరితోనో గౌను పొడవు గురించి మాట్లాడుతోంది. పిచ్చుక అప్పుడే వచ్చి కాళ్ళు కడుక్కుంటోంది. ఆయన నేరుగా లోపలికి పోయి లుంగీ మార్చుకుని, చిరిగిన ప్యాంటు తెచ్చి మిషను మీద వేశాడు. ఆవిడ వచ్చేలోగా కుట్లు విప్పి పెడితే పని తేలికవుతుంది కదా అని, చిన్న కత్తెర తీసుకుని ప్యాంటు తిరగేశాడు.

వెనక కుట్టు పక్కన సూది చిల్లులు వరసగా ఉన్నాయి. దాని పక్కన ఇంకో వరస. దాని పక్కన మరొకటి. దారం లేదు, చిల్లులే మిగిలాయి. రెండు పక్కలా అదే రంగు గుడ్డ పొడుగాటి ముక్కలు అతికించి ఉన్నాయి, పైకి అతుకు కనపడకుండా. ఏటా కంపెనీ ఇచ్చే గుడ్డ అది. చప్పుడుని బట్టి మోటారు వయసు చెప్పేవాడికి ఆ చిల్లుల భాష అర్థం కాకుండా ఉంటుందా? వేలితో లెక్కపెట్టాడు. ఏడు వరసలు.

టైలరమ్మ లోపలికి వచ్చి భర్త చేతిలో తిరగేసిన ప్యాంటు చూసి గుమ్మంలోనే ఆగిపోయింది.

"ఏమిటిది?" అన్నాడు ఆయన.

ఆవిడ చెయ్యి అలవాటుగా దారపుండ కోసం వెతికింది.

"దారం అవతల పెట్టు! ఏమిటిదని అడుగుతున్నా. ఏడేళ్ళుగా నా ప్యాంటు కుట్లు విప్పుతున్నావా నువ్వు?"

"అన్ని ప్యాంట్లూ," అంది ఆవిడ నెమ్మదిగా. "చొక్కాలు కూడా."

"నన్ను వెధవని చేశావు! ఇవాళ సూపర్‌వైజరు దగ్గర నా నడుం మారలేదని ప్రమాణం చేసినంత పని చేశాను. ఆయన నవ్వలేదు చూడు, అదే నయం. లోపల ఆ పెద్దాయన చచ్చిపోయి ఉంటే? నా పొట్ట ఎంతుందో నాకు తెలిసుంటే ఆ నిచ్చెన ఎక్కేవాణ్ణా?"

జరిగిందంతా అరుపుల మధ్యే చెప్పాడు. కంత, బూట్లు, కాటా, కుర్చీ. వింటూ వింటూ టైలరమ్మ మిషను స్టూలు మీద కూలబడింది.

"ఒకసారి మీ స్నేహితుడి ఇంటికి భోజనానికి బయల్దేరాం, గుర్తుందా?" అంది. "గుండీ ఊడి గోడకి తగిలింది. మీరు ప్యాంటు విప్పేసి మంచం మీద పడుకున్నారు. రెండు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. నేను చూడలేకపోయానండీ. మూడో రోజు కుట్టు విప్పి ఓ అంగుళం వదిలాను. మీరు తొడుక్కుని ఈల వేసుకుంటూ పనికి వెళ్ళారు. ఆ తర్వాత ఎప్పుడు ఆపాలో నాకు తెలియలేదు."

"చెప్పొచ్చు కదా!"

"ఏమని చెప్పను? పోనీ, మీరు చెప్పారా? రోజూ మీ చొక్కా జేబులు దులిపేది నేనే. బిస్కెట్ల పొడి, బన్ను కాగితాలు, చాక్లెట్ల మెరుపు కాగితాలు. ఇంటికొచ్చి ఏమీ ఎరగనట్టు మళ్ళీ కడుపునిండా భోంచేస్తారు. నేను కుట్లు దాచాను, నిజమే. మీరేం దాచలేదా?"

అంతదాకా గోడకి ఆనుకుని నిలబడ్డ పిచ్చుక వచ్చి తండ్రి పక్కన కింద కూర్చుంది. ఎందుకు తింటావని ఆమె అడగలేదు. ఎంత తింటావనీ అడగలేదు. ల్యాబులో రోజుకి వందమందిని అడిగే ప్రశ్నే కాస్త మార్చి అడిగింది.

"ఎప్పుడు తింటావు నాన్నా?"

"పని అయ్యాక."

"ఆకలేసా?"

ఆయన ఆలోచించాడు. ఈ ప్రశ్న తనని తాను ఎప్పుడూ వేసుకోలేదు.

"కాదు," అన్నాడు. "ఆకలి కాదు. చేతులు వణుకుతాయి."

తల్లీ కూతుళ్ళిద్దరూ ఆయన వైపు చూశారు. ఆయన వాళ్ళ వైపు చూడలేదు. తిరగేసిన ప్యాంటు వైపే చూస్తూ చెప్పాడు.

ఏడేళ్ళ క్రితం తనకి పని నేర్పిన గురువుగారూ తనూ ఒక లిఫ్టు పైకప్పు మీద నిలబడి తాడు చూస్తున్నారు. కరెంటు ఆపే పని తనది. ఆపాడు కూడా. కానీ కింద ఎవరో తెలియక మళ్ళీ వేశారు. లిఫ్టు రెండడుగులు పైకి లేచింది, అంతే. తను లిఫ్టుని ఆపే ఎర్ర బొత్తాం కొట్టేలోగా గురువుగారి కాలు గోడకీ లిఫ్టుకీ మధ్య నలిగిపోయింది. గురువుగారు బతికారు, కుంటుతూ నడుస్తారు. గురువుగారికి దెబ్బ తగిలిందన్నంత వరకే ఇంట్లో తెలుసు. తను పక్కనే ఉన్నట్టు తెలియదు.

"మర్నాడు పనికి వెళ్ళాను. దిగి వ్యాన్‌లో కూర్చుంటే చేతులు ఆగవు. తాళం పెట్టలేకపోయాను. సీటు మీద ఎవరిదో బిస్కెట్ల ప్యాకెట్టు ఉంటే మొత్తం తినేశాను. వణుకు తగ్గింది. ఇక అప్పటి నుంచీ..." అని ఆగాడు. "కడుపు నిండితే భయం వెనక్కి పోతుంది. కాసేపే అనుకో. మీకు చెప్తే ఈ పని మానెయ్యమంటారని చెప్పలేదు."

టైలరమ్మకి ఏడుపు ఆగలేదు. ఏడేళ్ళుగా ప్రతి కుట్టూ తన చేత్తో విప్పింది. ఈ మనిషి ఎందుకు లావవుతున్నాడని ఒక్కసారి కూడా అడగలేదు. తన వంట బాగా నచ్చుతోందనుకుంది. అదే మాట వెక్కుతూ పైకి అనేసింది. ఆయన ఆవిడ చెయ్యి పట్టుకుని, "వంట బాగుంటుందిలే," అన్నాడు.

మర్నాడు పిచ్చుక తండ్రి రక్తం తనే తీసింది. చక్కెర హద్దు దాటి రెండడుగులు ముందుకేసి ఉంది. కంపెనీ డాక్టరు మందు రాశాడు, నడవమన్నాడు, ఏం తినాలో కాగితం మీద గళ్ళు గీసి ఇచ్చాడు. ఆ కాగితం ఫ్రిజ్ మీద అతికించారు. నాలుగు రోజులు అందరూ దాన్ని చాలా గౌరవంగా చూశారు. ఐదో రోజు మెకానిక్ ఇంట్లో కాగితం ప్రకారం తిని, వ్యాన్‌లో మూడు బన్నులు తిన్నాడు.

తేడా ఒక్కటే. సాయంత్రం ఇంటికొచ్చి చెప్పేశాడు.

"ఇవాళ మూడు బన్నులు."

టైలరమ్మ ఏదో అనబోయి, కూతురు కళ్ళతో వారిస్తే ఆగి, "వణుకు వచ్చిందా?" అని అడిగింది.

"బాగా వచ్చింది."

అలా మొదలైంది. నిచ్చెన లేకపోయినా లిఫ్టు నడిచే షాఫ్టు తలుపు తెరిచి లోపలికి తొంగి చూస్తే చాలు, తర్వాత చేతులు వణికేవి. పని అయ్యాక వ్యాన్‌లో పది నిమిషాలు స్టీరింగు పట్టుకుని ఊరికే కూర్చోవాలని నియమం పెట్టుకున్నాడు. పది నిమిషాల తర్వాత కూడా తినాలనిపిస్తే, దిగి ఎక్కడైనా కుర్చీలో కూర్చుని, పళ్ళెంలో పెట్టుకుని తినాలి. మొదట్లో నాలుగో నిమిషానికే దిగిపోయేవాడు. ఒకరోజు పదీ గడిచాయి, వణుకు దానంతటదే తగ్గింది. ఆ రోజు ఆయన నమ్మలేక చేతులు తిప్పి తిప్పి చూసుకున్నాడు.

టైలరమ్మకి వచ్చిన కష్టం వేరు. ఆయన పళ్ళెం ఖాళీ అయితే చాలు, ఆవిడ గరిటె లేచిపోతుంది. పెళ్ళైన నాటి నుంచీ అంతే. వడ్డించకుండా ఉండటానికి చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చునేది. ఒకరోజు ఆయన సగం కూర వదిలేసి లేచాడు. ఆవిడకి ఎక్కడలేని ఉక్రోషం వచ్చింది.

"ఇప్పుడు నా వంట కూడా మొహం మొత్తిందా?"

"లేదే. ఈ కూరలో నువ్వు మిరియాలు వేస్తావని నాకు నిన్ననే తెలిసింది."

"ముప్పై ఏళ్ళుగా వేస్తున్నాను!"

"అదే చెప్తున్నా. ఇన్నాళ్ళూ మింగాను. ఇప్పుడు తింటున్నాను."

పిచ్చుక ఫక్కున నవ్వింది. టైలరమ్మ మూతి ముడుచుకుంది కానీ, ఆ రాత్రి కూతురితో రెండుసార్లు ఆ మాట చెప్పుకుని మురిసిపోయింది.

రెండో నెలలో ఒక ఆదివారం ఆయన గురువుగారింటికి వెళ్ళాడు. ఏడేళ్ళలో ఆ గడప తొక్కలేదు. ముసలాయన కర్ర పట్టుకుని ఎదురొచ్చి, "ఇప్పటికి దారి దొరికిందా రా?" అన్నాడు. లోపల కూర్చున్నాక, "నువ్వు ఆ బొత్తాం కొట్టకపోతే కాలుతో పోయేది కాదు, మనిషినే పోయేవాణ్ణి. అది చెబుదామంటే నువ్వు కనపడవు," అని తిట్టాడు. శిష్యుడు తల వంచుకుని తిట్లన్నీ పడ్డాడు. తిరిగొచ్చి ఇంట్లో ఆ సంగతి చెప్తూ చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. మర్నాడు మళ్ళీ బన్నులు తిన్నాడు, ఈసారి రెండు. అది కూడా చెప్పాడు.

టైలరమ్మ పాత ప్యాంట్లన్నీ మూట కట్టేసి కొత్తది కుట్టింది. కొలత తీసి, టేపు మీద అంకె ఆయనకి చూపించి మరీ కుట్టింది. నెల తిరక్కుండానే అది వదులైతే, "నన్నడక్కండి, నేనేం ముట్టుకోలేదు," అని చేతులెత్తేసింది.

మూడు నెలలు నిండిన రోజు బరువు తొంభై ఎనిమిది. పరీక్ష మధ్యాహ్నం పెట్టుకున్నారు గానీ, పదిన్నరకే ఆ పాత భవనం నుంచే ఫోను వచ్చింది. లిఫ్టు ఆగింది. లోపల ఒక తల్లీ, నాలుగేళ్ళ పాపా. సూపర్‌వైజరు వ్యాన్ ఎక్కుతూ, "పదవయ్యా, నీ పరీక్ష ఇదే అనుకో. నీ వల్ల కాకపోతే నేనెక్కుతాను," అన్నాడు.

తల దూరింది. భుజాలు దూరాయి. పొట్ట దగ్గర చొక్కా ఇనుప అంచుకి రాసుకుంది. ఆయన ఊపిరి వదిలేశాడు. మోకాలు పైన ఆనింది. లోపల మోటారు గది దుమ్ము వాసన తగలగానే కళ్ళు చెమర్చాయి, కానీ ఆగలేదు. ముందు కరెంటు ఆపి పెట్టెకి తాళం వేసి, తాళంచెవి జేబులో వేసుకున్నాడు. చక్రం రెండు చేతులతో పట్టుకుని తిప్పాడు. తొమ్మిది నిమిషాలకి మూడో అంతస్తులో తలుపు తెరుచుకుంది. పాప బయటికొచ్చి, ఇంకోసారి ఎక్కుదామని తల్లిని సతాయించిందట. సూపర్‌వైజరు నిచ్చెన కింద నిలబడి, "కుర్చీ వేరేవాళ్ళకి ఇచ్చేస్తాలే," అన్నాడు.

అదే సమయానికి ఇంట్లో టైలరమ్మ ఒకావిడకి భుజం కొలత తీస్తోంది. ఆ పూట తీసిన కొలతలన్నీ తప్పుతున్నాయి. పరీక్ష మధ్యాహ్నం కదా అనుకుంటూనే గడియారం వైపు చూస్తోంది. ఫోను మోగింది. భర్త పేరు చూసి ఆవిడ టేపు వదిలేసి ఫోను అందుకుంది. పనివేళలో ఆయన ఇంటికి ఫోను చేసిన జ్ఞాపకం లేదు.

"ఏమైందండీ?"

"పైకి వెళ్ళాను. అయిపోయింది. అందరూ క్షేమం. వ్యాన్‌లో ఒక్కణ్ణే ఉన్నాను. చేతులు వణుకుతున్నాయే. ఎప్పటికన్నా ఎక్కువగా."

టైలరమ్మ, ఎదురుగా నిలబడ్డావిడకి కూర్చోమని సైగ చేసి, పక్కగదిలోకి వెళ్ళి తలుపు దగ్గరగా వేసుకుంది. ధైర్యం చెప్పే మాటలేవీ నోటికి రాలేదు. వచ్చింది ఒక్కటే.

"ఏమైనా తిన్నారా?"

అనేసి నాలిక కరుచుకుంది. ఇంకే మాటా దొరకనట్టు ఇదేమిటి అడిగానని తనని తానే తిట్టుకుంది.

"లేదు," అన్నాడు ఆయన. "ముందు నీకే చేశాను."

టైలరమ్మ మంచం అంచు మీద కూర్చుని, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, ఆయనకి వినపడకుండా ఏడ్చింది. తర్వాత గొంతు సర్దుకుని, "పెట్టెయ్యకండి, నేనున్నాను," అంది. వణుకు తగ్గేదాకా ఇద్దరూ ఫోను పట్టుకునే ఉన్నారు.